పదకొండు నిమిషాలు

హెల్టర్మా రేవులో ఓడ దిగి
బస్సులో ముప్పావు గంట పోతే
జునిపెర్ పొదల మధ్య పోస్టాఫీసు.
ఒక కౌంటరు, ఒక ఇనపపొయ్యి, ఒక కంప్యూటరు.
నెలకోసారి నేను.

"ఇది లేచేసరికి పదకొండు నిమిషాలు,"
అంది మైము గారు,
బద్ధకపు మనవడి సంగతి చెప్పినట్టు.
ఫిర్యాదు రాసింది ఆవిడ కాదు,
టాలిన్‌లో పెద్దాఫీసు.

మీట నొక్కి వాచీ చూసుకున్నాను.
నల్లతెర. నీలితెర. గుండ్రంగా తిరిగే చుక్కలు.
పొయ్యి పక్క బెంచీ మీద అప్పటికే నలుగురు.
ఉన్నిటోపీ తీయని విల్లెం,
పొగబెట్టిన చేప పొట్లంతో లెయిదా,
ట్రాక్టరు గొట్టం కోసం వారంగా తిరుగుతున్న కాల్యు,
ఇంకొకావిడ, పేరెవరూ చెప్పలేదు, అల్లుతోంది.

ఈ ఏడు సముద్రం గడ్డకడుతుందా,
కట్టినా కార్లు మోస్తుందా అని
నాలుగు నిమిషాలు వాదన.
లెయిదా దవడ పట్టుకుని కూర్చుంది.
ఏడో నిమిషంలో విల్లెం ఒప్పుకున్నాడు
శుక్రవారం ఆవిణ్ణి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి.
ఇదంతా నేను వినలేదు, అంటే
విన్నానని అప్పుడు తెలియదు.

లిస్టు తెరిచాను. పద్నాలుగు.

మూడేళ్ల కిందట అమ్మేసిన ప్రింటరుకి
ఇంకా గుమ్మంలో చేతులు కట్టుకుని ఒక నౌకరు.
ఒకే ఒరలో రెండు కత్తులు,
ఒకదాన్నొకటి దొంగనుకునే రెండు వైరస్ కాపలాలు.
ఎవరూ పలకరించని చాటింగు
పొద్దున్నే నేనున్నానని పచ్చదీపం పెట్టుకుని.
పాటలది. కెమెరాది. వాతావరణానిది,
అదీ ఏదో వేరే ఊరి వాన చెబుతోంది.
చదరంగంది.
పిలవని పేరంటాళ్లంతా గడపలో గుమిగూడి
నేను ముందంటే నేను ముందని,
అసలు లోపలికి రావాల్సిన తపాలా పద్దుని
వీధిలో నిలబెట్టేశారు.

వద్దు. వద్దు. వద్దు.
చెరిపెయ్యడం లేదండీ, అన్నాను,
పిలిస్తే వస్తాయి, పిలవకపోతే లేవవు, అంతే.
"మనుషులకి లేదు ఆ గుణం," అంది.
చదరంగం దగ్గర నా వేలు ఆగింది.
ఆవిడ కిటికీలోంచి చూస్తూ
"అదీ ఆపెయ్. ఆయన ఎప్పుడూ ఓడేవాడు," అంది.

నలభై సెకన్లు.
మూసి, మళ్లీ తెరిచి చూపించాను. నలభై.
చప్పట్లు కొడతారనుకున్నానేమో.
విల్లెం సంతకం పెట్టి పార్సిలు చంకలో పెట్టుకున్నాడు.
లెయిదా స్టాంపులు తీసుకుంది.
గొట్టం రాలేదని కాల్యుకి
కుర్చీ వేడెక్కకముందే తెలిసిపోయింది.
అల్లుతున్నావిడ వరుస మధ్యలో ఆపి
దారం చుట్టుకుని లేచింది.
పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది,
ఎవరితోనో.

తిరుగు ఓడలో కాఫీ చల్లారింది.
పని బాగా జరిగిందని రిపోర్టు రాశాను.
ఏడో నిమిషం అనేది ఇక లేదని
రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

మళ్లీ నెల. మంచు.
తొమ్మిదీ ఇరవైకి వెళితే తెర నల్లగా ఉంది.
నా గుండె జారింది.
బెంచీ నిండా జనం.
కొత్త పన్ను కనబడేలా నవ్వుతూ లెయిదా,
ఇంకా రాని గొట్టంతో కాల్యు,
అల్లిక ఇప్పుడు ఒక చెయ్యి దాకా వచ్చింది.

"పాడైందా?"
"లేదే," అంది మైము గారు, పొయ్యి మీద కెటిల్ సర్దుతూ.
"నీళ్లు కాగాక నొక్కుతాను.
దానికి నలభై సెకన్లు చాలుగా,
తొందరేముంది?"

విల్లెం టోపీ తీసి, పక్కకి జరిగి
జానెడు చోటిచ్చాడు.
అలవాటుగా వాచీ చూడబోయి
చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.
జలసంధిలో నిన్న ఎవరో గడ్డ మీద నడిచారట.
నమ్మలేనన్నాడు కాల్యు.
కెటిల్ ఇంకా కూత పెట్టలేదు.